కుంతి అడిగిన ప్రశ్న

సొరంగం అన్న మాట మన సొంత మాటేననుకుంటాం. రాజుల కథల్లో కోట కింద సొరంగం ఉంటుంది. అమ్మమ్మలు చెప్పిన కథల్లో ఊరి గుడి కింద సొరంగం ఏకంగా కాశీదాకా పోతుంది. కాని ఆ మాట పుట్టినచోటు గ్రీకు దేశం అంటారు భాషాశాస్త్రం చదువుకున్నవాళ్లు. గ్రీకులో ‘సిరింక్స్’ అంటే పిల్లనగ్రోవి, గొట్టం. నేలకింద తవ్విన దారి కూడా గొట్టంలాంటిదే గనక దానికీ అదే మాట. అదే సంస్కృతంలోకి వచ్చి ‘సురుంగ’ అయింది, కౌటిల్యుడి అర్థశాస్త్రంలోకి ఎక్కింది, చివరికి మన నోళ్లలో పడి సొరంగమై కూచుంది. ఇప్పుడు దాన్ని పరాయిదంటే మన అమ్మమ్మలు ఊరుకుంటారా?

అంచేత పరభాషా పదం వచ్చి పడిందని గుండెలు బాదుకునే బాపతు కాదు నేను. రైలు, బస్సు, గ్లాసు, డబ్బా... వీటన్నిటితో హాయిగా సంసారం చేస్తున్నాం. నా పేచీ వేరు. గనుల గురించి, సొరంగాల గురించి, సర్వేల గురించి మన పేపర్లూ టీవీలూ వాడే తెలుగును కాస్త విమర్శకురాలి కళ్లతో చూద్దామని నా ఉద్దేశం. కథల మీద, నవలల మీద విమర్శ రాస్తాం. లక్షలమంది పొద్దున్నే కాఫీతోపాటు చదివే రాత మీద ఎందుకు రాయకూడదు?

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర సొరంగం కూలింది. లోపల 8 మంది చిక్కుకుపోయారు. నేలు కొండలోపల దాదాపు 14 కిలోమీటర్ల దూరంలో ఉన్నారు వాళ్లు. ఆ మర్నాటినుంచి నెలరోజులపాటు పేపర్లలో చూసిన మాటలు ఇవి: ఎస్సెల్బీసీ, టీబీఎం, సెగ్మెంట్లు, షియర్ జోన్, సీపేజీ, డీవాటరింగ్. అక్షరాలు తెలుగువే. కూడబలుక్కుని చదవగలం. చదివాక ఏం తెలిసింది? ఎస్సెల్బీసీ అంటే శ్రీశైలం ఎడమగట్టు కాలువ. ఎంత చక్కని పేరు! నది పారేవైపు ముఖం పెట్టి నిలబడితే ఎడమచేతి పక్కనున్నది ఎడమగట్టు, కుడిచేతి పక్కనున్నది కుడిగట్టు. పసిపిల్లకు చెప్పినా తెలుస్తుంది. అలాంటి పేరును నాలుగు ఇంగ్లీషు పొడి అక్షరాలు చేసి, వాటిని మళ్లీ తెలుగులో కూడబెట్టి, ఎస్సెల్బీసీ అన్నారు. బంగారపు గాజును కరిగించి కమ్మెచ్చులోంచి లాగి, చివరికి ఏ నగా చెయ్యకుండా వదిలేసినట్టుంది.

మా పక్కింటి పిన్నిగారు ఆ రోజుల్లో పేపరు పట్టుకుని వచ్చేవారు. “ఏమమ్మాయ్, షియర్ జోనంటే ఏమిటే? షేర్ల వ్యాపారమా?” అన్నారొకసారి. ఆవిడ హాస్యానికి అడగలేదు. లోపలున్న పిల్లలు బతికి వస్తారా రారా అన్నది తేల్చుకోడానికి అడిగారు. షియర్ జోనంటే ఎప్పుడో లక్షల ఏళ్లకిందట భూమిలోపలి బండలు ఒకదాన్నొకటి ఒరుసుకుని, నలిగి, పిండైపోయిన పట్టీ అని చెప్పాను. అక్కడ బండకు బలం ఉండదు, సందుల్లోంచి నీరు ఊరుతుంది, పైకప్పు నిలవదు. “తిరగలిలో నలిగినట్టన్నమాట” అన్నారు పిన్నిగారు. అంతే! రెండు తిరగలి రాళ్లమధ్య నలిగిన పిండిమీద ఇల్లు కడితే నిలుస్తుందా? ఆవిడకు వెంటనే తెలిసిపోయింది, ఆశ ఎంత సన్నగా ఉందో కూడా తెలిసిపోయింది. ఆ ఒక్క వాక్యం పేపరువాళ్లు రాయడానికి ఎంత చోటు పట్టేది?

ఇహ రెండో పక్షం వారున్నారు. ఇంగ్లీషు మాట కనబడితే చాలు, సంస్కృత నిఘంటువు తెరిచేవారు. అవక్షేప శిల అని బడిలో చదువుకున్నాం గుర్తుందా? నీటి అడుగున మట్టీ ఇసుకా పొరలు పొరలుగా పేరుకుని, గట్టిపడి బండ అయితే అది అవక్షేప శిల. నేను పదోక్లాసులో ఆ మాట బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను గాని, అవక్షేపం అంటే మా వంటింట్లో రోజూ కనిపించే మడ్డి అని ఎవరూ చెప్పలేదు. నెయ్యి కాచితే అడుగున మిగిలేది మడ్డి, నూనె నిలవుంటే అడుగున చేరేది మడ్డి. ‘మడ్డిబండ’ అని ఉంటే, పాఠం చెప్పక్కర్లేకుండా సగం అర్థమైపోయేది. బొగ్గు దొరికేది ఆ మడ్డిబండల పొరలమధ్యే గదా!

ఒక పక్షం ఇంగ్లీషును తెలుగు లిపిలో చుట్టి ఇస్తుంది. ఇంకో పక్షం సంస్కృతాన్ని తెలుగు విభక్తిలో చుట్టి ఇస్తుంది. పొట్లం ఏదైనా విప్పుకోవలసిన బాధ చదివేవాళ్లదే.

అలాగని చేసిన మాటలన్నీ చెడ్డవని అనను, అది అన్యాయం. పటంలో ఒకే ఎత్తున్న చోట్లన్నిటినీ కలుపుతూ గీసే గీతను సమోన్నత రేఖ అన్నారు. ఎంత బాగుంది! మాటలోనే అర్థం ఉంది. కాంటూరు అంటే ఏమీ తోచదు. పనివాళ్ల నోట పుట్టిన మాటలైతే మరీ ముచ్చట. మేస్త్రీ గోడ సరిగ్గా ఉందో లేదో చూసే బుడగ గొట్టం రసమట్టం. మూల సరిచూసే పరికరం మూలమట్టం. ఎక్కడా తడుముకోనక్కర్లేదు. అసలు ఇలాంటి మాటలు ఏరాలంటే పనివాళ్ల దగ్గరికే వెళ్లాలని మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదాలకు, 1971లో చేనేత పదాలకు వేసిన మాండలిక వృత్తి పదకోశాలు భద్రిరాజు కృష్ణమూర్తిగారు కూర్చినవి. రైతుల నోట, నేతగాళ్ల నోట విన్న మాటలవి. పండితులు గదిలో కూచుని అల్లినవి కావు.

సర్వే మాటల సంగతి చూడండి. పోరంబోకు అని తిట్టడం అందరికీ తెలుసు. పనీపాటా లేకుండా తిరిగేవాడని మన ఉద్దేశం. నిజానికది రెవిన్యూ లెక్కల్లో మాట. శిస్తు వెయ్యకుండా ఊరందరికోసం వదిలిన నేల... చెరువు, బాట, శ్మశానం, ఇవన్నీ పోరంబోకే. ఊరుమ్మడి ఆస్తి కాస్తా తిట్టయింది! ఆ అర్థం తెలియని ఇల్లాలు, పుస్తెలమ్మి పోరంబోకులో ఇంటిస్థలం కొనుక్కుంటే తర్వాత ఏడ్చేది ఎవరు? బెంచ్ మార్కూ అంతే. పరీక్షలనుంచి ప్రెషర్ కుక్కర్లదాకా దేనికిబడితే దానికి వాడుతున్నాం. అది సర్వేయర్లు రాతిమీద ఉలితో గాడి చెక్కి పెట్టుకున్న గుర్తు. ఆ గాడిలో ఇనపముక్క దోపి, బల్లలా చేసుకుని, దానిమీద కొలబద్ద నిలబెట్టి ఎత్తులు లెక్కగట్టేవారు. బల్ల పోయింది, రాయి పోయింది, మాట మాత్రం గాలిలో తిరుగుతోంది.

బొగ్గుగనిలో పనిచేసేవారి మాటలు వింటే ఇంకో విశేషం బయటపడుతుంది. సింగరేణి ప్రాంతంలో గనిని ‘బాయి’ అంటారు. బావికి వెళ్లినట్టే డ్యూటీకి బాయికి వెళ్తారు. లోపలి మాటలన్నీ ఇంగ్లీషువే, కాని చిత్రంగా అవన్నీ ఇంటి మాటలు. బొగ్గుపైనున్న బండ రూఫ్, అంటే ఇంటికప్పు. కిందిది ఫ్లోర్. పక్కది వాల్. కప్పు కూలకుండా తవ్వకుండా వదిలేసిన బొగ్గు దిమ్మె పిల్లర్. మనిషి ఎక్కడికెళ్లినా ఇల్లే కట్టుకుంటాడు కాబోలు, భూగర్భంలో కూడా! చివరికి ఆ పిల్లర్లు కూడా తవ్వుకుంటూ వెనక్కి రావడాన్ని డీపిల్లరింగ్ అంటారు. కప్పు కూలడానికి వదిలేసిన ఆ ఖాళీచోటు గోఫ్. అక్కడికి ఎవరూ అడుగు పెట్టకూడదు. ‘ఇవాళ డీపిల్లరింగ్‌లో డ్యూటీ’ అని భర్త అన్నప్పుడు గనికార్మికుడి భార్యకు ఆ ఇంగ్లీషు మాటకు తర్జుమా అక్కర్లేదు. స్తంభాలు తీసే ఇంట్లోకి వెళుతున్నాడని ఆమెకు తెలుసు.

ఇంకొకటి. మనకు మ్యాన్‌హోల్ అంటే వానాకాలంలో మూత లేకుండా నోరు తెరుచుకుని మనుషుల్ని మింగే గొయ్యి. గనిలో మ్యాన్‌హోల్ అంటే బొగ్గు టబ్బులు నడిచే దారిపక్కన గోడలో తొలిచిన గూడు. టబ్బులు వచ్చేటప్పుడు మనిషి అందులోకి ఒదిగి నిలబడి ప్రాణం కాపాడుకుంటాడు. ఒకే మాట, పైన ప్రాణం తీస్తుంది, కింద ప్రాణం పోస్తుంది. ఈ భేదం తెలియకుండా గని వార్త రాస్తే ఎంత తలకిందులవుతుందో చూడండి.

ఇక్కడ నాకు భారతం గుర్తొస్తుంది. సొరంగం ప్రాణాలు కాపాడిన కథ మనకున్న వాటిల్లో అంతకన్న పెద్దది లేదు. పాండవులు వారణావతానికి బయలుదేరారు. అక్కడ లక్క ఇల్లు సిద్ధంగా ఉందని విదురుడికి తెలుసు. నలుగురిలో చెప్పడానికి వీల్లేదు. అంచేత ధర్మరాజుకు ఒక్కడికే తెలిసే మ్లేచ్ఛభాషలో, మర్మంగా చెప్పాడు. కలుగులో దాగినవాణ్ణి అడవిని కాల్చే నిప్పు ఏమీ చెయ్యలేదన్నాడు. ఏదుపంది బొరియలాంటి ఇల్లు చూసుకుంటే నిప్పునుంచి బయటపడతావన్నాడు. తిరుగుతూ ఉంటే దారులు తెలుస్తాయి, నక్షత్రాలను చూస్తే దిక్కులు తెలుస్తాయన్నాడు. చూశారా! సొరంగం తవ్వకం, సర్వే, రెండూ ఉన్నాయి ఆ నాలుగు ముక్కల్లో. ధర్మరాజు తెలిసిందన్నాడు. విదురుడు వెనుదిరిగాడు.

అప్పుడు కుంతి కొడుకుని పక్కకు పిలిచి అడిగింది. అంతమందిలో ఆయన ఏదో అన్నాడు, నువ్వు సరేనన్నావు, మాకు మాత్రం బోధపడలేదు, మేం వినదగ్గదైతే చెప్పమంది. ధర్మరాజు ‘నీకెందుకమ్మా, అది శాస్త్ర విషయం’ అనలేదు. నిప్పు గురించి, విషం గురించి జాగ్రత్తగా ఉండమన్నాడని, దారులన్నీ తెలుసుకుని ఉంచుకోమన్నాడని విడమరిచి చెప్పాడు. తర్వాత విదురుడు పంపిన ఖనకుడు, అంటే గని తవ్వేవాడు, వచ్చి ఇంటి నడుమ సొరంగం తవ్వి, నేలతో సమానంగా తలుపు అమర్చాడు. పాండవులతోపాటు కుంతి కూడా ఆ దారినే బయటపడింది. నిప్పు ఆమె చుట్టూ కూడా ఉంది గనక, అడిగే హక్కు ఆమెకుంది. పరిభాషను గురించి నేను చదివిన పెద్ద పెద్ద వ్యాసాలన్నిటికన్న కుంతి అడిగిన ఆ చిన్న ప్రశ్నే నాకు గొప్పగా తోస్తుంది. మర్మభాష ఉండటం తప్పు కాదు. శత్రువు ఎదుట అది అవసరం, పనివాళ్లమధ్య అది సుళువు. కాని అడిగిన తల్లికి విప్పి చెప్పేవాడు ఒకడుండాలి.

అలా విప్పి చెప్పిన పుస్తకం ఒకటి ఉంది. మనదేశంది కాదు, జర్మనీది. జార్జ్ బావర్ అనే వైద్యుడు, 1494లో పుట్టినవాడు, యోఆకిమ్‌స్టాల్ అనే వెండిగనుల ఊళ్లో వైద్యం చేశాడు. (ఆ ఊళ్లో వేసిన వెండి నాణెం పేరే అరిగి అరిగి డాలరు అయింది.) బావర్ అంటే రైతు. ఆ పేరును లాటిన్‌లో అగ్రికోలా అని మార్చుకుని, ‘డి రె మెటాలికా’ అనే గనుల పుస్తకం రాశాడు. అది 1556లో, ఆయన పోయిన మరుసటేడు అచ్చయింది. ఆయనకొచ్చిన చిక్కు మనకొచ్చిందే. రాయవలసింది లాటిన్‌లో, కాని కొత్త గనిపనులకు లాటిన్‌లో మాటల్లేవు. ఆయన కొన్ని మాటలు తయారుచేశాడు, పాతమాటలకు కొత్త అర్థాలిచ్చాడు. అంతటితో ఊరుకుని ఉంటే మన పండితుల పక్షంలో చేరిపోయేవాడు. ఊరుకోలేదు. మాటలతో చెబితే ఈ కాలంవాళ్లకు తెలియకపోవచ్చు, ముందు తరాలవాళ్లు కష్టపడొచ్చు అనుకుని, చిత్రకారులకు డబ్బిచ్చి ప్రతి యంత్రానికీ, ప్రతి పనిముట్టుకూ బొమ్మ వేయించాడు. బొమ్మలో అక్షరాలు గుర్తుగా పెట్టి, ఏ అక్షరం ఏ భాగమో కింద రాయించాడు. ఒక బొమ్మలో బల్లదగ్గర కూచుని ఖనిజం ఏరుతున్న ఆడవాళ్లు కూడా ఉన్నారు, మనం బియ్యంలో రాళ్లేరినట్టు!

ఆ పుస్తకం మూడువందల యాభై ఏళ్లు ఇంగ్లీషులోకి సరిగ్గా రాలేదు. లాటిన్ తెలిసినవాళ్లకు గనులు తెలియవు, గనులు తెలిసినవాళ్లకు లాటిన్ తెలియదు. చివరికి దాన్ని 1912లో ఇంగ్లీషు చేసింది ఒక జంట. భర్త హెర్బర్ట్ హూవర్, గనుల ఇంజనీరు, తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. భార్య లూ హెన్రీ హూవర్, స్టాన్‌ఫర్డ్‌లో 1898లో భూగర్భశాస్త్రంలో పట్టం పుచ్చుకున్నావిడ. లాటిన్ బాగా వచ్చు. ఇద్దరు పిల్లల్ని పెంచుతూ, దేశాలు తిరుగుతూ, సుమారు అయిదేళ్లపాటు రాత్రిళ్లు ఆ మాటలతో కుస్తీ పట్టారు. మాట అర్థం కానిచోట బొమ్మ చూశారు, పని ఎలా జరిగి ఉంటుందో ఆలోచించారు, పుటల అడుగున పొడుగాటి వివరణలు రాశారు. అనువాదమంటే మాటకు మాట పెట్టడం కాదు, పనిని కళ్లకు కట్టించడం. అది తెలిసినవాళ్ల పని అది. నిఘంటువు పక్కన పెట్టుకుని, గని మొహం చూడకుండా చేస్తే వచ్చేది కాదు.

పేర్లు పెట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త కూడా కావాలి. 2023 నవంబరు 12, సరిగ్గా దీపావళి పూట, ఉత్తరాఖండ్‌లో సిల్క్యారా సొరంగం కూలి 41 మంది లోపల ఉండిపోయారు. గొట్టంలోంచి వాళ్లకు కిచిడీ పంపుతున్నారని చదివినప్పుడు దేశంలో ఏ ఇల్లాలికి అన్నం సయించింది? పెద్ద ఆగర్ యంత్రం తెచ్చారు. ఆగర్ అంటే వడ్రంగి కర్రలో తిప్పే బరమాలాంటిదే, కాకపోతే కొండంత. అది ఇనుపచువ్వలకు తగులుకుని విరిగింది. అప్పుడు 12 మంది కూలీలు 80 సెంటీమీటర్ల గొట్టంలోకి పాకి, చేతిపనిముట్లతో మిగిలిన 12 మీటర్లు తవ్వేశారు. 17వ రోజు, నవంబరు 28న, 41 మందీ బయటికొచ్చారు. ఆ తవ్వినవాళ్లను పేపర్లు ఏమన్నాయి? ర్యాట్ మైనర్లు అన్నాయి, ఎలుక అన్న మాట తగిలించాయి. మేఘాలయలో మనిషి పట్టీ పట్టనంత కంతలు చేసి బొగ్గు తీసే పద్ధతికి ర్యాట్ హోల్ అని పేరు. అది ప్రమాదమని 2014లో హరిత ట్రిబ్యునల్ నిషేధించింది. కంతకు పెట్టిన పేరు తీసుకొచ్చి మనిషికి తగిలించడం ఎక్కడి మర్యాద? విదురుడూ జంతువు పేరే చెప్పాడు, ఏదుపంది అన్నాడు. కాని ఆ పోలిక ఇంటికి చెప్పాడు. తవ్వడానికి వచ్చినవాణ్ణి భారతం ఖనకుడు అంది. తన పనిలో నేర్పరి అని గౌరవంగా చెప్పింది. నలభై ఒక్క ప్రాణాలు బయటికి తెచ్చినవాళ్లకు ‘సొరంగం పనివాళ్లు’ అన్న మూడుముక్కలు రాయలేకపోయామా!

దోమలపెంటలో ఆ అదృష్టం లేకపోయింది. మార్చిలో రెండు మృతదేహాలు మాత్రం బయటికొచ్చాయి. ఆ 8 మందిదీ జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కాశ్మీర్. వాళ్ల ఇళ్లవాళ్లు వచ్చి కొండ దగ్గర కూచున్నారు. వాళ్లకు తెలుగూ రాదు, టీబీఎం భాషా రాదు. రోజూ ఎవరో వచ్చి ఏదో ప్రకటిస్తే, ముఖాలు చూసి అర్థం చేసుకోవాలి. అంత దూరంనుంచి వచ్చినవాళ్ల మాట అటుంచండి, ఇక్కడ పుట్టి, ఇక్కడ చదువుకున్న మనకే అర్థం కాకపోతే వాళ్లకు ఎవరు చెబుతారు?

2019నుంచి మనదేశంలో భూగర్భ గనుల్లోకి ఆడవాళ్లు కూడా ఉద్యోగానికి దిగవచ్చు. 2019లో వచ్చిన ఆ అనుమతి పగటిపూట, వాళ్ల ఇష్టం మీద, సాంకేతిక పనుల్లో, పర్యవేక్షణ పనుల్లో ఉండేది. అంచేత ఈ మాటలు ఇహ మగవాళ్ల మాటలని వదిలెయ్యడానికి లేదు. ఓవర్‌మన్ అనే ఉద్యోగానికి ఆడపిల్ల వెళితే ఆమెను ఏమని పిలవాలో ముందు ఆలోచించుకోండి మరి!

పత్రికలవారికి నా మనవి చిన్నది. మాట గ్రీకుదైనా, ఇంగ్లీషుదైనా, సంస్కృతానిదైనా నాకు అభ్యంతరం లేదు. టీబీఎం అనే రాయండి. కాని మొదటిసారి రాసినప్పుడు, ముందు గుండ్రని పళ్లచక్రంతో బండను పిండిచేస్తూ, వెనక సిమెంటు పలకలు ఉంగరంలా పేర్చుకుంటూ పోయే యంత్రం అని ఒక్క వాక్యం చేర్చండి. చిన్న బొమ్మ వెయ్యండి. 14 కిలోమీటర్లంటే మన ఊరినుంచి ఎక్కడిదాకానో చెప్పండి. గనిలో, సొరంగంలో పనిచేసినవాణ్ణి అడిగి రాయండి. ఇది భాషాసేవ కోసం అడగడం లేదు. సొరంగాలు ఇంకా తవ్వుతారు, గనులు ఇంకా దిగుతారు. వెళ్లేవాళ్లు ఎవరో ఒకరి కొడుకులు, ఇకమీద కూతుళ్లు కూడా. లోపల ఏం జరుగుతోందని ఇంటి దగ్గరున్న తల్లి అడిగితే, సమాధానం ఆమెకు తెలిసిన మాటల్లో ఉండాలి.